మెషీన్ కూయకముందే

ఇంగ్లండులోని నార్ఫోక్‌లో బార్లీ కోసేసిన చేను. గట్టు మీద పాత వ్యాను. నేలలో లోహాలు వెతికే మెషీన్ అమ్మడానికి వచ్చినవాడు డెస్మండ్, కొనడానికి వచ్చింది బ్రయొనీ.

"నూట ఇరవై పౌండ్లా! దీని కర్రకి టేపు చుట్టి ఉంది కదండీ డెస్మండ్ గారూ!"

"టేపు కర్రకే తల్లీ, దాని చెవికి కాదు. చెవి బ్రహ్మాండం."

"క్రితంసారి ఆన్‌లైన్‌లో కొన్నదాన్నీ అమ్మినవాళ్ళు బ్రహ్మాండమే అన్నారు. తీరా చూస్తే పిల్లల బొమ్మ! ఇలా వెతికేవాళ్ళ క్లబ్బులో అందరూ ఇప్పటికీ నన్ను బొమ్మ బ్రయొనీ అనే పిలుస్తున్నారు. ఇంకోసారి మోసపోయానా, ఇక ఆ క్లబ్బు గడప తొక్కలేను."

"అందుకేగా చేలోకి తీసుకొచ్చింది! వాడి చూసే కొనుక్కో."

"రైతుని అడిగారా?"

"అడక్కుండా ఎలా? ఏం దొరికినా సగం ఆయనది. ఊఁ, పట్టుకో. నేల ఊడుస్తున్నట్టు అటూ ఇటూ తిప్పు, నిదానంగా..."

"అమ్మో! అడుగడుక్కీ అరుస్తోందిది! ఇక్కడంతా నిధులేనా?"

"నీ బూట్లు."

"ఏంటి?"

"వాటి ముందు ఇనప రేకుందా?"

"...గోడౌన్ పనికి వేసుకునేవి."

"నీ కాళ్ళే తవ్వుకుంటావా ఏంటి! వ్యాన్లో నా రబ్బరు బూట్లున్నాయి, వేసుకో పో."

"ఇవి... పెద్దవి. బాతులా నడుస్తున్నా. సరే, హెడ్‌ఫోన్లు వేరే కొనాలా? గుంటలో వెతకడానికి ఇంకో చిన్న మెషీన్ కూడా ఉండాలంటారు?"

"ఇప్పుడే అవన్నీ దేనికి? ఇంట్లో పాటలు వినేవి చాలు. పార మాత్రం మంచిది కొను, చవకది ఈ మట్టిలో వంగిపోతుంది. ఆ... కొంచెం ఎడమకి. ఇంకొంచెం. అదిగో, అక్కడ!"

"ఎక్కడ? ఏం లే... ఆఁ! మోగింది! తవ్వనా? తవ్వుతున్నా! పెన్నీ! విక్టోరియా రాణి పెన్నీ!"

"చెప్పలా? ఇటివ్వు, నా జేబులో భద్రంగా ఉంటుంది. ఇప్పుడు తిన్నగా నడు. ఆ ముళ్ళ మొక్క దగ్గర కాస్త ఆగు... అదిగో!"

"మోగింది మోగింది! గుండీ! సిపాయి కోటు గుండీ! అబ్బ, అసలు... ఒక్క నిమిషం. డెస్మండ్ గారూ."

"ఆఁ?"

"మెషీన్ కూయకముందే మీరు కూస్తున్నారేంటి?"

"అనుభవం తల్లీ, అనుభవం!"

"మరి ఇంత మంచి మెషీన్ ఎందుకు అమ్మేస్తున్నారు?"

"మా ఆవిడ. మెట్ల కింద ఇలాంటివి ఇంకా ఉన్నాయిలే. ఇవాళ ఇది మళ్ళీ ఇంటికొచ్చిందంటే నా పక్క ఆ వ్యాన్లోనేనట. టీ తాగుతావా? ఫ్లాస్కులో ఉంది."

"టీ వద్దు. నేనటు వెళ్తా, కంచె వైపు."

"అటెందుకు? అటేం లేదు."

"మీకెలా తెలుసు?"

"అంటే... అటన్నీ రాళ్ళు. ఇటు రా, ఇటు ఇంకోటి ఉంది... అంటే, ఉండొచ్చు."

"ఉందా, ఉండొచ్చా?"

"ఉం... ఉండొచ్చు."

"అటే వెళ్తా."

"అమ్మాయ్! వినవేం!"

"డెస్మండ్ గారూ, మోగింది!"

"ట్రాక్టర్ మేకు. వదిలెయ్."

"మేకైతే గరగరమంటుంది కదా? ఇది గంట కొట్టినట్టుంది."

"అయితే ఏ కూల్‌డ్రింకు డబ్బా మూతో. నూట పదికిస్తా, పద పద, టీ చల్లారిపోతోంది."

"జానెడు తవ్వా, ఇంకా లోపలే... ఇదిగో, ఇదిగో! చిన్న బిళ్ళ. పసుప్పచ్చగా ఉంది. మట్టి అంటుకోలేదు కూడా! దీని మీదేదో మొహం, తల చుట్టూ పూసలు..."

"ఏదీ? ఇటివ్వు."

"ఏంటది? బంగారమా? అరె, మెషీన్ లాక్కుంటారేం?"

"మెషీన్... మెషీన్ అమ్మను."

"అయ్యో, ఇంత చూపించి అమ్మనంటారా? నూట పదీ వద్దు, మీరడిగిన నూట ఇరవయ్యే ఇస్తా. నాకిప్పుడు మీ మీద పూర్తి నమ్మకం కుదిరింది!"

"కుదరదమ్మా... కుదరదు... ఇదొక్కటీ నేను పాతింది కాదు!"