తొండం ఎత్తిన ఏన్గు

"ఆంటీ, మా పాపకు బర్త్‌డేకి కుందేలు కేకు కావాల్నంట. మీరు ఇంట్లనే ఏన్గు కేకు చేసిన్రంట గదా, ఎట్ల చేసిన్రు?"

ఏన్గా? ఎవరు చెప్పిన్రే నీకు, మా కోడలేనా? కూసో స్వాతీ, జెర ఆ కుర్చీ ఇటు జరుపుకో. పై పోర్షన్లకు వచ్చి నాలుగు నెలలాయె, ఇయ్యాల తీరిందా నీకు కిందికి రానీకె. సరె, చెప్త.

మా రూతు లేదూ, నా మన్మరాలు, దానికి ఆరేండ్లు నిండిన నాటి ముచ్చట. అప్పుడే బోయిన్‌పల్లి నుంచి ఈ సీతాఫల్‌మండికి మారినం. కొత్త బడి, దోస్తులు లేరు పాపం. ఇదేం జేసిందీ, క్లాసుల పోయి, మా నానమ్మ ఏన్గు కేకు చేస్తది, తొండం పైకెత్తి నిలబెడ్తది అని చెప్పొచ్చింది. నాకు ఒక్క మాట చెప్పకుండ. ఒక పిల్లేమో, నువ్వు ఉత్తగనే కోతలు కోస్తున్నవ్ అన్నదంట. ఇది మొండిది గదా, అయితే వచ్చి చూడుండ్రి అని పదకొండు మందిని పిలిచింది. ఇంటికొచ్చి నా కొంగు పట్టుకోని, నానమ్మా, తొండం లేకుంటె నేను మల్ల ఆ బడికి పోను అని ఒకటే ఏడ్పు. ఇగ నేనేం జేయాలె చెప్పు.

నాకు కేకంటే క్రిస్మస్ కేకే. పిండి ఇంట్ల కలిపి, డబ్బాలల్ల పోసి, పేరు రాసిన చీటీ పెట్టి, గల్లీ చివర బేకరీ భట్టీకి తీస్కపోవుడు. మా అమ్మయితే నెత్తి మీద పెట్టుకోని పోయేది, మేం నలుగురం ఎనక. డాల్డా ఎంత అగ్గువుండె అప్పుడు... అదంత ఎందుకులే. ఏడున్న నేను? ఆఁ, భట్టీ. రూతు కేకు జూలైల మోస్కపోతే బేకరాయన నవ్విండు, అమ్మా, డిసెంబర్ ఇంక దూరముంది గదా అని. డబ్బాలు సుత కాదు మల్ల, గిన్నెలు. పెద్ద గిన్నెల ఒళ్ళు, చిన్న గిన్నెల తలకాయ. కుందేలుకు సుత అదే లెక్క, యాదిపెట్టుకో.

చెవులకు గుండ్రటి బిస్కెట్లు. బట్టరు, చక్కెర పొడి గిలకొట్టి పైన పూసిన. రంగు జెర ఎక్కువై నీలం తేలింది. నీలం అంటే నీలం కాదు, పాత యూనిఫారం రంగు. తొండమే పరేషాన్ చేసింది నన్ను. కేకు పొడి క్రీముల పిసికి, చేత్తోని చుట్టి, పైకి లేపి అతికించిన. లోపల పుల్ల పెట్టుండ్రి అన్నది కోడలు. పిల్లలు తింటరు, నోట్ల గుచ్చుకుంటె ఎట్లా అని నేనే వద్దన్న. నా తెలివి తెల్లారినట్టే ఉండె.

రూతు ఒక ప్లాన్ ఏసింది. అందరు కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తుంటె వాళ్ళమ్మ కేకు తెచ్చి పెట్టాలె, కండ్లు తెరిస్తే ముంగట ఏన్గు ఉండాలె. మంచిగనే ఉంది. మా ఆయనకు ముందే చెప్పిన, ప్రార్థన జెర చిన్నగ చెయ్యుండ్రి అని. ఆయన చర్చిల సంఘ పెద్ద, ముప్పై ఏండ్ల అలవాటు, చిన్నగ ఎక్కడొస్తది. దేశాన్ని ఏలెటోళ్ళ కోసం, వానల కోసం, దవాఖానల ఉన్నోళ్ళ కోసం, అది సుత పేరు పేరునా. కోడలు తెచ్చి పెట్టిన కేకు మీద ఆరు కొవ్వొత్తులు వెలుగుతున్నయి, ఆరిపోతయని ఫ్యాను బందు. అందరికి చెమటలు.

నేను ఒక కన్ను తెరిచిన. అబద్ధమెందుకు, ఎప్పుడూ తెరుస్త. చూస్తె తొండం మెల్లగ వంగుతుంది, అతుకు కాడ పగులొచ్చింది. అటుదిక్కు రూతు సుత కండ్లు తెరిచే ఉంది. నన్నే చూస్తుంది, కండ్లతోనే తొండం చూపిస్తుంది. మా ఇంట్ల ప్రార్థన నడుమ ఎవ్వరు కదలరు, ఫోను మోగినా ఎత్తరు. పెండ్లయినకాడికెంచి ఆయన ప్రార్థనకు నేను అడ్డం రాలె. ఆ పిల్ల మొఖం చూసి ఆగలేకపోయిన. గొంతు పెంచి ఆమెన్ అన్న. ఆయన ఇంక రైతుల కాడనే ఉన్నడు. నేననంగనే కోడలు, పిల్లలు అందరు ఆమెన్ అన్నరు. ఇగ ఆయనేం జేస్తడు, ఆగిండు.

పిల్లలు కండ్లు తెరిచిన్రు. తొండం జెర వంకరైంది గని పైకే ఉంది. ఉత్తగనే అన్న పిల్ల చుట్టూ తిరిగి చూసి, నిజంగనే ఏన్గే అన్నది. రూతు మొఖం చూడాలుండె నువ్వు. కత్తి పెట్టంగనే తొండం ఊడి ప్లేట్ల పడ్డది, ఆ పిల్లే అడిగి మరీ తిన్నది.

అప్పుడు మా ఆయన నా పక్కకొచ్చి, రూతు కోసం చివర్ల చేద్దామని ఆపుకున్ననే, అన్నడు. కోపంగ కాదు, మెల్లగ. పుట్టినరోజు దానిది, నా మూలంగ దీవెన దానికే లేకపోయె. తప్పయింది అన్న. ఆయన పోయి, పిల్లల నడుమ నోటి నిండ కేకుతోని నవ్వుతున్న దాని నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ప్రభువా, ఈ పిల్ల గిట్లనే నవ్వాలె, ఆమెన్, అన్నడు. అంతే. అంత చిన్న ప్రార్థన ఆయన నోట నేను ఎన్నడు వినలె. ఏడుపొచ్చింది నాకు, అంత మంది ముంగట.

నీ బిడ్డ సుత చల్లగుండాలె తల్లీ. మీరు చిన్ని చిన్ని అని పిలుస్తరు గని, అసలు పేరేంది దానిది? చెప్పు, ఆయనకు చెప్త, పొద్దున ప్రార్థనల దాని పేరు సుత...