తుహామి బాగుచేసిన హీటరు

శుక్రవారం, జనవరి పదకొండో తేదీ, మధ్యాహ్నం మూడున్నర. అసర్ నమాజు చేసుకుని మగవాళ్లు మసీదు నుంచి తిరిగొచ్చేసరికి జులేఖా కుస్కుసు తిన్న గిన్నెలు కడిగి బోర్లించి, కాఫీ పొయ్యి మీద పెట్టింది. పైవాటా రమదాన్ మాత్రం చెప్పులు విప్పుతూనే జేబులోంచి కాగితం ముక్క తీశాడు.

"జులేఖక్కా, మొన్న నవంబరులో మనిద్దరం ఒకే కొట్లో కొన్నామే గ్యాసు హీటరు, దాన్ని వెనక్కి ఇచ్చెయ్యమని కంపెనీ వాళ్లు కొట్టు తలుపుకి నోటీసు అంటించారు. లోపల మంట సరిగా మండక వాసన లేని విషగాలి వదులుతోందట. నంబరు రాసుకొచ్చాను, చూసుకో."

జులేఖా లోపలి గదిలోకి వెళ్లి, హీటరు వెనక రేకు మీద నంబరు వేలితో ఒక్కొక్క అంకె తడుముకుంటూ చదివింది. అదే నంబరు. ఆ గదిలోనే కూతురు నజాత్ పురిటి మంచం. పసిగుడ్డు పుట్టి ఇరవై మూడు రోజులు. నలభై రోజులు నిండేదాకా తల్లీబిడ్డా కదిలేది లేదు. బయట చూస్తే ఆకాశం బూడిదరంగుకి తిరిగింది, రాత్రికి సెతీఫ్ ఊళ్లో మంచు పడుతుందని రేడియో పొద్దుటి నుంచీ చెబుతూనే ఉంది. హీటరు ఆపితే బిడ్డకి చలి. ఆపకపోతే? అల్లా తప్ప ఎవరు చెప్పగలరు?

వచ్చి అన్న తుహామి ముందు కూర్చుంది. "అన్నయ్యా, ముప్ఫయ్యేళ్లు రిపేరు కొట్టు నడిపావు. నువ్వే చెప్పు, ఆపమంటావా?"

తుహామి అలాంటి ప్రశ్న కోసమే కాచుక్కూర్చునే మనిషి. కాఫీ గ్లాసు కింద పెట్టి, మీసం సర్దుకున్నాడు. ఆయన భార్య హద్దా గోడవారగా కూర్చుని మనవరాలికి ఉన్ని టోపీ అల్లుతోంది. తల ఎత్తలేదు.

"ఆపడమా? పిచ్చిదానా, ఈ కాలపు సామానంతా ఇంతే. మా రోజుల్లో ఫ్రిజ్ కొంటే తాతకి చల్లని మజ్జిగ ఇచ్చి, మనవడి పెళ్లిలో షర్బత్ కూడా అదే ఇచ్చేది. ఇప్పటివో, వారంటీ కాగితం చిరిగేలోపు ఇవే చిరుగుతాయి. వాషింగ్ మిషన్ బట్టల కంటే ముందు తనే అరుగుతుంది! చేతకాక వెనక్కి పిలుస్తారు. నా చెయ్యి పడితే పిలవాల్సిన పనేముంది? మా అత్తగారి హీటరు సంగతి చెప్పానా?"

"చిన్నప్పటి నుంచీ వింటున్నాం మావయ్యా," అని లోపల్నుంచి నజాత్ అంది.

"నువ్వు విన్నావు, రమదాన్ వినలేదు. ఐన్ ఉల్మాన్‌లో మా అత్తగారు ఒంటరిగా ఉండేది. ఇలాంటి జనవరే. మేమిద్దరం వెళ్లేసరికి ముసలమ్మ మూడు దుప్పట్లలో చుట్టుకుని ముక్కు మాత్రం బయట పెట్టుకుని ఉంది, హీటరేమో పిల్లి కన్ను అంత మంట. నేనేం చేశాను? కుట్టుసూది అడిగాను. ఒక్క సూది! ఆ బర్నరు కన్నాలన్నీ పొడిచి శుభ్రం చేశా, పొగగొట్టం చివికిపోతే టమాటా డబ్బాలు మూడు విప్పదీసి అతికించా. పావుగంట పని. వెలిగించేసరికి ముసలమ్మ దుప్పటి తీసేసింది."

"అంతవరకు బానే ఉంది," అన్నాడు రమదాన్.

"అంతవరకేనా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అరగంటకి గిన్నెలో కలిపి పెట్టిన రొట్టెపిండి పొంగి మూత తోసింది, గంటకి గిన్నె దిగింది, అలమారు తలుపు తీసుకుని పక్కింటికి బయల్దేరింది. పక్కింటివాళ్లు పట్టుకుని కాల్చుకు తిన్నారు, నన్ను అడగను కూడా లేదు, ఆ ఊరివాళ్ల మర్యాద అలాంటిది. వాళ్లకేం, మా గోడకి వీపు ఆనించి కూర్చునేవారు, తడిబట్టలు గోడకే ఆరేసేవారు."

"గోడకా?"

"గోడకే! నవ్వకు. మర్నాటికి వీధిలో మంచు కరిగి గడ్డి మొలిచింది. గొర్రెలవాళ్లు మందల్ని తోలుకొచ్చారు. ఎండాకాలం వచ్చిందనుకుని కొంగలు దక్షిణం నుంచి తిరిగొచ్చి మసీదు మినారు మీద గూడు కట్టాయి, గుడ్లు కూడా పెట్టాయి. పెరట్లో నేరేడు... కాదు కాదు, ఆప్రికాట్ చెట్టు, జనవరిలో కాయ కాసింది. మా అత్తగారు జామ్ చేసి సెతీఫ్ పంపింది. అడుగు, హద్దానే అడుగు!"

హద్దా సూది ఆగలేదు. ఈ కథ ఇక్కడికి వచ్చేసరికి ఏటా ఆవిడ లేచి కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్లిపోవడం జులేఖా చూసింది. ఇవాళ లేవలేదు.

"రాజధాని నుంచి వాతావరణం వాళ్లు వచ్చి గడపలో వేడి కొలిచే గొట్టం పెట్టారు, పాదరసం పైకి ఎగిరి సున్నం కొట్టిన కప్పుకి అంటుకుంది. బస్సులు అక్కడే ఆగేవి, మళ్లీ ఎక్కమంటే జనం ఎక్కేవారు కాదు. ఇంతకీ అసలు కిటుకు సూది కాదు రమదాన్. గ్యాసు వాళ్లు గోడకి కన్నం పెట్టి పోతారే, గాలి కోసమని! శత్రువు కూడా చెయ్యని పని. ఈడ్చి కొట్టే గాలి తిన్నగా ముసలమ్మ మంచం మీదికి. నా పాత ఉన్ని అంగీ చింపి, ఉండచుట్టి, ఆ కన్నంలో దట్టించా. వేడి చెంచాడు కూడా బయటికి పోలేదు!"

జులేఖా చూపు తెలియకుండానే లోపలి గది గోడ మీదికి పోయింది. పసిదాని మీదికి గాలి కొడుతోందని అక్కడి కన్నంలో తానే తువ్వాలు కుక్కింది. ఈ మెట్ల మీది ఇళ్లలో ఆ కన్నం మూయనిది ఏది?

"ఆ రాత్రి మా అత్తగారు ఎలా నిద్రపోయిందో తెలుసా?"

"నాకు తెలుసు," అంది హద్దా.

గొంతు పెంచలేదు. అల్లిక ఒళ్లో పెట్టుకుంది.

"పొద్దున ఫజర్ నమాజుకి లేపడానికి నేనే వెళ్లాను. పక్కగదిలో పడుకున్నదాన్ని నేనేగా. బుగ్గలు గులాబీల్లా ఎర్రగా ఉన్నాయి, నిన్నటి చలి పోయి ఎంత బావుందో మా అమ్మ అనుకున్నా. రెండుసార్లు పిలిచా. మూడోసారి చెయ్యి పట్టుకున్నా."

లోపల బిడ్డ చప్పరించిన చప్పుడు ఇవతలికి వినిపించింది.

"అందరికీ గుండె ఆగిందని చెప్పారు. ఆ ఎరుపు విషగాలి వల్లనని తెలిశాక కూడా నేనూ అదే చెప్పాను. పద్దెనిమిదేళ్లు కొంగల కథ విన్నాను, ఒక్కమాట అనలేదు. అల్లా ఆవిణ్ణి కరుణించుగాక. కానీ ఇవాళ అవతలి గదిలో పసిపిల్ల ఉంది. మీరు సూది అడుగుతారేమోనని భయం వేసింది."

తుహామి మీసం మీది చెయ్యి మోకాలి మీదికి దిగింది.

"చలేస్తోందందే హద్దా," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "తుహామీ, గాలి కొడుతోంది నాయనా, అంది. ఎముకల్లోకి పోతోంది అంది. నేను..."

"మీరు ఆవిడ మీద ప్రేమతోనే మూశారు. అది నాకు తెలియదా? తెలుసు కాబట్టే ఊరుకున్నాను."

ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. ముందు గ్యాసు మర కట్టేశాడు. తరువాత బల్ల ఎక్కి తువ్వాలు లాగాడు. గాలి సర్రున లోపలికొచ్చి కర్టెన్ ఎగరేసింది. నజాత్ బిడ్డని గుండెకి హత్తుకుంది. జులేఖా బీరువాలోని దుప్పట్లన్నీ తీసి మంచం మీద పరిచింది, పెళ్లినాటి జంపకానాతో సహా. ఆ రాత్రి బిడ్డని ముగ్గురు ఆడవాళ్లూ మధ్యన పెట్టుకుని పడుకున్నారు.

శనివారం తెల్లవారేసరికి వీధి తెల్లగా ఉంది. బిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది, ఆ ఏడుపు వినగానే జులేఖా హమ్దులిల్లా, అల్లా దయ అనుకుంది. కోట్లు వేసుకునే కాఫీ తాగారు. రమదాన్, తుహామి రెండు హీటర్లూ మెట్లు దింపి, మంచులో తోపుడుబండి మీద కొట్టుకి తోసుకెళ్లారు. అక్కడ అప్పటికే వీధి మలుపు దాకా జనం, ఒక్కొక్కరి ముందు ఒక్కో హీటరు.

తిరిగొచ్చాక తుహామి తన ఇంటికి పోలేదు. జులేఖా ఉండే మేడలోనే కింది వాటా నుంచి మొదలుపెట్టి ఒక్కో తలుపూ తట్టాడు. వెనకాల హద్దా, చేతిలో ఖాళీ బుట్ట. తలుపు తీసినవాళ్లు "రండి తుహామి గారూ, కాఫీ తాగుదురు గాని, ఏదైనా కథ చెప్పండి" అనేవారు.

"మా అత్తగారి గదిలో గాలి కన్నం నేనే మూశాను," అనేవాడు గడపలోనే నిలబడి. "పొద్దున ఆవిడ లేవలేదు. మీ కన్నంలోని గుడ్డ తియ్యండి."

మూడంతస్తుల్లో తొమ్మిది ఇళ్లు. ఆయన పై మెట్టు చేరేసరికి హద్దా బుట్టలో ఏడు గుడ్డలున్నాయి.