ఖాళీ తెరను నమ్మని స్టోర్స్ మేడం గారు

పందొమ్మిది వందల ఎనభై ఏడవ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన ఆసుపత్రి దుప్పట్ల గదిలో జూనియర్ గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించిన నాటి నుండి, ఈ నెలాఖరున స్టోర్స్ పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, మన మేడం గారు ఏ వస్తువునూ, ఏ మాటనూ, ఏ మనిషినీ తొలిచూపులో విశ్వసించిన దాఖలా లేదు. నియామక ఉత్తర్వు చేతికిచ్చిన అధికారినే "ఇది నాదేనాండీ? ఇంకొక్కసారి చూడండి" అని అడిగారట. ఆయన విసుక్కుంటూనే మళ్లీ చూశారట. చాటుగా మనమందరం వారిని 'అనుమానాలమ్మ' అని పిలుచుకున్న మాట వాస్తవం. ఆ సంగతి వారికి తెలియదనుకోవడం మన అమాయకత్వం.

దుప్పట్ల గదిలో వారి కార్యదీక్ష అనన్యసామాన్యం. లాండ్రీ నుండి వచ్చిన కట్టల్లో పైవాటిని చూసి సంతృప్తి చెందే స్వభావం వారిది కాదు గనుక, కట్ట మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి తడి ఉందేమోనని తడిమి చూసేవారు. "ఉతికానంటే ఉతికినట్టే మేడం!" అని లాండ్రీ మేస్త్రి మొత్తుకునేవాడు. "ఉతికావు సరే, ఆరబెట్టావా?" అనేది వారి జవాబు. తడి దుప్పటి దొరికిన రోజున మేస్త్రి ముఖం చూడాలి. దొరకని రోజున మేడం గారి ముఖం చూడాలి, ఏదో మోసం జరిగిందన్న దిగులు అందులో స్పష్టంగా కనిపించేది.

తదుపరి మందుల గిడ్డంగికి బదిలీ అయిన పిమ్మట, పెట్టెలను అడుగు నుండి విప్పే పద్ధతిని ప్రవేశపెట్టినవారు కూడా వారే. పైవరుసలో కొత్త సరుకు, కిందివరుసలో గడువు దగ్గరపడిన సరుకు సర్దే సరఫరాదారులకు ఆ పద్ధతి కంటగింపైంది. పదోన్నతి మాత్రం ఆలస్యంగా వచ్చింది. ఇవ్వవలసిన పెద్దలను కూడా వారు అనుమానించడమే అందుకు కారణమని గిట్టనివాళ్లు అంటారు, గిట్టినవాళ్లు కూడా అదే అంటారు. ఈ వీడ్కోలు సంచిక కోసం వారి భర్తగారిని నాలుగు మాటలు చెప్పమంటే ఆయన నవ్వి, "నాకు జ్వరమొచ్చిందన్నా నమ్మదండీ. థర్మామీటరు తన కళ్లతో చూడాల్సిందే. చూశాక మాత్రం నా పక్కనుంచి లేవదు" అన్నారు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆసుపత్రికి కొత్త కంప్యూటర్లు వచ్చిన ఏడాది, అడ్మిషన్ కౌంటర్లోను, వార్డుల్లోను ఏళ్ల తరబడి సేవలందించిన పాత కంప్యూటర్లన్నింటినీ లాండ్రీ వెనక గదిలో పడేశారు. బొజ్జల మానిటర్లు అలిగినట్టు గోడకేసి తిరిగి ఉండేవి. అక్షరాలరిగిన కీబోర్డులు ఒకదానిమీద ఒకటి పేరుకుపోయాయి. ఆ గదిలో మంచాలు వెయ్యాలి, తుక్కంతా వెంటనే అమ్మేయండని పరిపాలనాధికారి గారు ఆదేశించారు. పాత సామాన్ల వ్యాపారి ఒకడు మర్నాడే ప్రత్యక్షమయ్యాడు.

"ఒక్క మర కూడా విప్పకండమ్మా. ఉన్నవి ఉన్నట్టే ఇచ్చెయ్యండి. మోసుకెళ్లే మనుషుల్ని కూడా నేనే తెచ్చుకుంటా" అన్నాడతను, మాటల్లో తేనె ఒలికిస్తూ.

మేడం గారి మనసు కీడు శంకించింది. తుక్కు కొనేవాడికి బరువుతో పని గానీ, విప్పారా లేదా అన్న దానితో పనేమిటి? ఇంత మర్యాద దేనికి? అడక్కుండానే కూలీల్ని తెచ్చుకుంటానంటున్నాడంటే, ఎంత తొందరలో ఉన్నాడో! రేపు రమ్మని అతన్ని పంపేసి, గదికి తాళం వేసి, వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, మన ఆసుపత్రి కంప్యూటర్ మెకానిక్‌ని, అంటే మనమంతా 'తీగల డాక్టరు' అని పిలిచే మిత్రుణ్ణి, పిలిపించారు.

"వీటిల్లో ఏముంది?"

"ఏం లేదు మేడం. అన్నీ చెరిపేశాను."

"నువ్వు చెరిపేశావు సరే, అవి చెరిగాయా?"

తీగల డాక్టరు పాపం చిన్నబుచ్చుకున్నాడు. ఒక కంప్యూటర్‌కి తీగ తగిలించి, ఆన్ చేసి, తెర చూపించాడు. అంతా ఖాళీ. "చూడండి, మీ కళ్లతోనే చూడండి" అన్నాడు.

"ఖాళీగా కనపడితే ఖాళీ అయినట్టేనా? అల్మరా తలుపు మూస్తే లోపల బట్టలు లేనట్టేనా? నేనే ఆ వ్యాపారిననుకో. ఇంటికి తీసుకెళ్లి, తీరిగ్గా కూర్చుని కెలికితే ఏమొస్తుందో అది చూపించు."

రోషం వచ్చినవాడికి పట్టుదల కూడా వస్తుంది. చెరిపేసిన వాటిని వెనక్కి రప్పించే ప్రోగ్రామ్ ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి, భోజనం కూడా మానేసి, ఆ మధ్యాహ్నమంతా యంత్రం ముందు కూర్చున్నాడు. మేడం గారు అతని వెనక కుర్చీ వేసుకుని, తెరమీంచి చూపు తిప్పకుండా కూర్చున్నారు. మొదట పిచ్చిగీతలు వచ్చాయి. ఆ తర్వాత అక్షరాలు వచ్చాయి. ఆ తర్వాత మానసిక చికిత్సా విభాగంలో చేరినవారి వివరాలు, ఒకరి తర్వాత ఒకరివి, ఊరూ పేరుతో సహా రావడం మొదలైంది. అందులో ఒక పేరు ఇద్దరికీ తెలిసినదే. ఆ మనిషి ఇదే ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్నాడు. రోజూ కనపడేవాడే, పెళ్లాం బిడ్డలున్నవాడే.

మేడం గారు చటాక్కున లేచి మానిటర్ ఆపేశారు.

తీగల డాక్టరు కుర్చీ వెనక్కి తిప్పాడు. "మేడం, ఇది... పైవాళ్లకి చెప్పాలంటారా? ఆయన చేసే పని అలాంటిది కదా."

"ఏది చెప్పాలి? నాకేం కనపడలేదు. కళ్లజోడు తెచ్చుకోలేదు. నువ్వూ తెచ్చుకోలేదు."

"నాకసలు కళ్లజోడే లేదు మేడం."

"అందుకే కనపడలేదు."

మర్నాడు వచ్చిన వ్యాపారితో, సమాచారం దాచుకునే డిస్కులు పీకేసి మిగతావి ఇస్తామన్నారు. "అవి లేకపోతే నాకెందుకమ్మా ఈ డబ్బాలు!" అని నోరు జారి, తేనె కాస్తా ఆవిరైపోగా, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. అతని ఉద్దేశమేమిటో ఈ రోజుకీ రుజువు కాలేదు. మేడం గారికి మాత్రం రుజువుతో పనిలేదు. గది ఖాళీ కాలేదని పరిపాలనాధికారి గారు మండిపడి సంజాయిషీ అడిగితే, అసలు కారణం ఒక్క ముక్క కూడా బయటపెట్టక, "నా అనుమానం నాది సార్" అని మాత్రమే మనవి చేసి, మందలింపును స్వీకరించారు. ప్రతి డిస్కుకూ తమ ఎదుటే డ్రిల్లింగ్ మిషన్‌తో తూట్లు పొడిపించారు. తూటులోంచి అవతలి వెలుతురు కనపడితే గానీ తరువాతి దాన్ని ముట్టుకోనివ్వలేదు.

డిస్కులు పోయిన ఆ మొండి యంత్రాలకు పునర్జన్మ ప్రసాదించిన ఘనత తీగల డాక్టరుది. అతను వాటన్నింటినీ పొడవాటి తీగలతో ఒకే పెద్ద కంప్యూటర్‌కి కలిపి, దాని తెలివితోనే ఇవి నడిచేలా చేశాడు. ఒకటి మందుల కిటికీ దగ్గర ఏ మందు ఉందో, ఏది లేదో చెబుతోంది. కొన్ని నర్సింగ్ విద్యార్థినుల టైపింగ్ సాధనకు వెళ్లాయి. రెండు ఫిజియోథెరపీ గదికి చేరాయి. అక్కడ పక్షవాతంతో చెయ్యి పడిపోయినవారు మౌస్ పట్టుకుని, తెరమీది బంతిని గిన్నెలో వేసే ప్రయత్నం చేస్తారు. ప్రభుత్వ విద్యుత్తుతో ఆటలాడుకుంటున్నారేమోనన్న సందేహంతో మేడం గారు ఒకనాడు తనిఖీకి వెళ్లారు. అక్కడున్న పెద్దాయన ఒకరు వంకరపోయిన మూతితోనే నవ్వి, "నువ్వే వేసి చూడమ్మా" అన్నారు. వేశారు. పడలేదు. మళ్లీ వేశారు. పెద్దాయన పడిపోయిన ఎడంచేత్తోనే వేసి గెలిచారు. మౌస్‌లో ఏదో లోపముందని మేడం గారు నివేదిక రాశారు. పరీక్షిస్తే ఏ లోపమూ లేదని తేలింది, అయినా వారు ఇంకా నమ్మలేదు.

ఇంతవరకు మనకు తెలిసినదే. తెలియనిది నిన్న తెలిసింది. మన అంబులెన్స్ డ్రైవర్ గారు సంచిక పని జరుగుతున్న గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "ఆ రోజు తెరమీద పడ్డ పేరు నాదే. రాయండి. నేనే చెబుతున్నాను కదా, ఇంకెవరికి భయం?" అన్నారు. వారి మాటలను వారి కోరికపైనే, మార్చకుండా ఇక్కడ పొందుపరుస్తున్నాం.

"ఆ సాయంత్రమే ఆవిడ నన్ను షెడ్డు దగ్గర పట్టుకుని, 'నీ వివరం బయటపడిందయ్యా. ఇద్దరం చూశాం. ఇక్కడితో ఆగిపోతుంది. నీ సంగతి గనక నీకు తెలియాలని చెబుతున్నా' అంది. ఉద్యోగం వచ్చే ముందెప్పుడో, మా అమ్మ పోయినప్పుడు, కొన్నాళ్లు ఆ వార్డులో ఉన్నాను. ఆ సంగతి తెలిస్తే ఎవడు బండి నడపనిస్తాడు? ఇంట్లో పిల్లలకి కూడా చెప్పలేదు. ఆవిణ్ణి నమ్మలేదండీ నేను. ఈవిడ ఎప్పుడో ఒకప్పుడు అనేస్తుంది, నా బతుకు బజారుకెక్కుతుంది అని ఏళ్ల తరబడి ఆవిడ మొహమే చూస్తూ ఉన్నాను. అనలేదు. పోనీ జాలిపడుతుందేమో, అయ్యో పాపం అన్నట్టు చూస్తుందేమో అనుకున్నా. జాలా! మర్నాడు పొద్దున్నే వచ్చి, ట్యాంకులో కర్ర ముంచి, 'డీజిల్ తగ్గినట్టుందే, ఎక్కడికెళ్లావు?' అని నిలదీసింది. అందర్నీ ఎలా అడుగుతుందో నన్నూ అలాగే. నిన్నటిదాకా అలాగే. లోకంలో నా సంగతి తెలిసి కూడా నన్ను మామూలు దొంగలాగా చూసిన మనిషి ఆవిడొక్కతే."

చివరి మాట అంటూ నవ్విన డ్రైవర్ గారు, నవ్వు పూర్తి కాకముందే కళ్లు తుడుచుకున్నారు.

ఇట్టి మహనీయురాలికి మనమందరం ఏమని శుభాకాంక్షలు పలకగలం? వైద్యులు "మీరు నిక్షేపంగా ఉన్నారు" అన్నప్పుడు వారు నమ్మకుండా మరొక్కసారి పరీక్ష చేయించుకుందురు గాక, ఆ పరీక్షలోనూ నిక్షేపంగానే ఉన్నారని తేలును గాక, అప్పటికీ నమ్మకుండా భర్తగారితో, బిడ్డలతో, మనవలతో నిండు నూరేళ్లు తమ కళ్లతోనే చూసుకుందురు గాక.