ఒడిబియ్యం పోసేముందు

పసుపు కలిపిన బియ్యం బేసిన్ ముందు పెట్టుకొని, ఎన్నో ఏళ్ల తరువాత చెల్లెలికి ఒడి నింపడానికి అన్న పీట మీద కూచున్నాడు. అతని భార్య లోపల హారతి పళ్లెం సర్దుతోంది.

"కొంగు పట్టు చెల్లె."

"పడత గాని అన్నా, గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

"పనులల్ల మర్సిన."

"మర్సినవా? పిలిస్తే నాయిన భూమిల హిస్సా అడుగుతనని భయపడ్డవా?"

అతను బియ్యంలో ఊరికే వేళ్లు కదిపాడు.

"గదేం మాట? పట్టుచీర దెచ్చిన, జూడు."

"జూసిన. చెరువు దాటినంక బస్సు కిటికిలకెల్లి నాయిన చేను గూడ జూసిన. సున్నమేసిన రాళ్లు పాతిండ్రు. ఆడబిడ్డల వేలిముద్ర లేంది ప్లాట్లోళ్లు కొంటలేరట గద. నిజం జెప్పు. గీ బియ్యం నా ఒడికా, నా వేలిముద్రకా?"

"ఒడికే." లోపలికి వినబడనంత మెల్లగా అన్నాడు. "ముద్రకు గూడ."

"బోరుకాడి మడి నా పేర రాయి. తక్కినదానికి ముద్రేస్త."

"మీ వదిన ఒప్పుకోదు."

"నాయినకు పుట్టింది మనమిద్దరం. వదిన గాదు."

ఆమె కొంగు చాపింది.

"ఇగ పొయ్యి. పోస్తే మడి గూడ ఇచ్చినట్టే. ఇయ్యకుంటే పొయ్యకు. ఉత్త కొంగుతోనే బస్సెక్కుత."

అతను దోసిలి నింపాడు. హారతి వెలిగించాలా అని లోపలినుంచి భార్య కేకేసింది. దోసిలి పైకి లేవలేదు. వేళ్ల సందుల్లోంచి బియ్యం మళ్లీ బేసిన్‌లోకే రాలుతుంటే, చెల్లెలి ముఖం చూడలేక అతను ఆ గింజలనే చూస్తూ ఉండిపోయాడు.