రాజీబ్ బాబు వండిన ఉప్పు

స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు నిండిన ఏడు. బెంగాల్‌లో కాంథీ సముద్రతీరాన ఖగేన్ మైతీ ఇంటి అరుగు. ఎదురుగా రాజీబ్ బాబు మనవరాలు మృణ్మయి.

"ఆ రోజు తొమ్మిది లాఠీలు విరిగాయి తల్లీ, నా వీపు మీద. తొమ్మిది."

"మొన్న ఏడన్నావు, ఖగేన్ తాతా."

"మొన్న ఒంట్లో బాగాలేదు."

"రేపు మా తాతగారి విగ్రహం తెర తీస్తారు. కింద ఏం చెక్కాలని శిల్పి పొద్దుటినుంచీ ఉలి పట్టుకుని కూర్చున్నాడు. ఉప్పు సత్యాగ్రహంలో ఆయన ఇక్కడ ఉప్పు వండారా లేదా? వండలేదని ఎదుటి పార్టీవాళ్లు ఊరంతా చాటుతున్నారు. చూసినవాళ్లలో మిగిలింది నువ్వొక్కడివే."

"వండాడు. బురద వండాడు."

"తాతా."

"కలకత్తా వకీలు కదా. ఉప్పుమట్టిని గడ్డి పరిచిన గుంటలో పోసి, నీళ్లు వడగట్టి, ఆ తేట కాచాలా? ఈయన మట్టినే కుండలో పోసి మంట పెట్టాడు. అంతటి బాబుకి తప్పని చెప్పడానికి మాకు నోరు రాలేదు. పోలీసు దారోగా వచ్చి కర్రతో కెలికి, ఇది నేరం కాదు, ఇంటికి పొమ్మన్నాడు. జైలుకని బాబు దుప్పటి కూడా చుట్టుకుని వచ్చాడు పాపం."

"ఇది చెక్కించనా?"

"ఆగు. మర్నాడు మా ఆవిడ దగ్గర చేరాడు, నేర్పమని. పదకొండు రోజులు నేర్చుకున్నాడు. పన్నెండో రోజు పిడికెడు ఉప్పు తీశాడు. దారోగా మళ్లీ దిగాడు. పిడికిలి విప్పమంటే విప్పడే. లాఠీలు విరిగింది అప్పుడే."

"నీ వీపు మీద."

"ఆయన వీపు మీదేలే. నేను మొగలిపొదలో దూరాను. నాకు తగిలినవి ముళ్లు."

"సరే. 'పదకొండు రోజులు నేర్చుకుని, స్వయంగా ఉప్పు వండారు.' ఇదేగా? ఒట్టు వెయ్యి."

"ఒట్టెందుకులే."

"తాతా, నా ఓపిక అయిపోయింది. రాతి మీద చెక్కాక తుడిస్తే పోదు."

"మంత్రయ్యాక కూడా ఆయన ఇక్కడికొచ్చి మా ఆవిడకి దణ్ణం పెట్టేవాడు. ఎందుకో?"

"నేర్పింది కదా."

"వండింది కూడా ఆవిడే. దారోగా రావడం చూసి, ఆవిడ ముందున్న ఉప్పు పిడికిట్లోకి తీసుకుని, నేనే వండానన్నాడు. అప్పుడావిడ నిండు చూలాలు. ఆ దెబ్బలూ, తర్వాత ఆయనకి పడిన ఏడాది జైలూ ఆవిడకి రావాల్సినవి."

"మరి ఆ పదకొండు రోజులు?"

"అవి నేను అల్లినవి. నలభై రెండేళ్లుగా చెప్తున్నాను. చెప్పకపోతే, ఆవిడ పక్కన ఉండాల్సిన మొగుడు ఏమయ్యాడని అడగరూ?"