కార్తీకం దాకా

రాజోలు అవతల, సముద్రపు పాయ పక్కన ఒక పల్లె. పీతల వేటకెళ్ళే సత్తిరాజు అమలాపురంలో మీటింగు ముగించుకుని మధ్యాహ్నం ఆటోలో ఇల్లు చేరాడు. భార్య వీరవేణి వాకిట్లోకి వచ్చింది.

“అది కాదండీ, ఇంట్లో బోరు పెట్టుకుని ఈ నీళ్ళ టిన్నులెందుకు తెచ్చేరు?”

“ప్రసన్నకి. ఇవే తాగమను.”

“మన నీళ్ళకేమైందండీ? ఈ పేటలో ఉప్పు తగలని బోరు మనదొక్కటే. సగం వీధి మనింటికే వస్తారు నీళ్ళకి.”

“తెలుసు వేణీ. ముందు వీటిని లోపల పెట్టు.”

“పెడతాను. మీటింగులో ఏవన్నారో చెప్పరేంటి?”

“ఏవుంటుంది. టీ ఇచ్చేరు, మాట్లాడేరు, వచ్చేసేం.”

“మన రక్తాలు పట్టుకెళ్ళి ఇన్నాళ్ళైంది కదండీ. రిపోర్టులు వచ్చేయా?”

“ప్రసన్న పడుకుందా?”

“పడుకుంది. రిపోర్టులు వచ్చేయా అంటున్నాను.”

“దాన్ని లేపి బట్టలు సర్దుకోమను. సాయంత్రం బస్సుకి మండపేట తీసుకెళ్ళి దింపేసి వస్తాను.”

“మండపేటా? ఏవండీ, పురిటికి తెచ్చుకున్న పిల్లండీ. తెచ్చి నెల తిరగలేదు. మళ్ళీ అత్తారింటికి పంపిస్తే వియ్యపురాలు ఏవంటుంది? కూతురికి పురుడు పోసే దిక్కు కూడా లేదా అనదూ?”

“అననీ.”

“అల్లుడేవనుకుంటాడు?”

“ప్రకాష్‌తో నేను మాట్లాడతాను. ఇక్కడ దోమలెక్కువగా ఉన్నాయని చెప్తాను.”

“దోమలా? దోమలకి భయపడి కూతుర్ని వెనక్కి పంపేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా?”

“వానలు, వేణీ. పాయ పొంగితే రాత్రికి రాత్రి హాస్పిటల్‌కి ఎలా తీసుకెళ్తాం?”

“ముందు దోమలన్నారు. ఇప్పుడు పాయ అంటున్నారు. ఇటు చూసి మాట్లాడండి.”

“చూస్తూనే ఉన్నాను.”

“లేదు. ఆటో దిగిన దగ్గర్నుంచీ ఆ బోరు వైపే చూస్తున్నారు.”

“ఏం చూసేను, ఊరికే.”

“నీళ్ళేనా?”

“నన్నడక్కు.”

“నీళ్ళేనా అండీ?”

“అడగొద్దన్నాను కదా. చెప్పకూడదు. సంతకం పెట్టి వచ్చేను.”

“నాక్కూడానా?”

“ఎవరికీ. లోపలికెళ్ళేటప్పుడు ఫోన్లు కూడా బయట పెట్టించేరు.”

“అయితే చెప్పొద్దు. నేనడుగుతాను, కాకపోతే కాదనండి. కాలవకి ఇటుపక్క వాళ్ళ రక్తాల్లో ఉంది. ఆ ఫ్యాక్టరీ వదిలే విషం.”

“వేణీ.”

“కాదనండి.”

“ఆపు వేణీ.”

“కాదనలేదు. బోర్లలోనూ ఉంది.”

“నెమ్మదిగా మాట్లాడు. పిల్ల లేస్తుంది.”

“కడుపుతో ఉన్నవాళ్ళకి ఏవవుతుందండీ?”

“…కడుపులో పిల్లకి పట్టుకుంటుందంట. బరువు కట్టదంట. ఒక్కోసారి నిలవదంట. సర్వే చేసిన పెద్ద డాక్టరు లేరూ, సోమేశ్వరరావు గారు, ఆయనే చెప్పేరు. అందరికన్నా ముందు వాళ్ళకే చెప్పాలండీ అన్నారు మీటింగులో.”

“అని మళ్ళీ మిమ్మల్ని నోరు మూసుకోమన్నారా?”

“ఆయన కాదు. ఫ్యాక్టరీ వాళ్ళు. సర్వేకి డబ్బులు వాళ్ళవి కదా. ముందు వాళ్ళు చూడాలి, వాళ్ళు ఊఁ అన్నాకే బయటపెట్టాలి. ఒప్పందం అలా ఉంది.”

“వాళ్ళ డబ్బులతో వాళ్ళ ఫ్యాక్టరీ మీద సర్వే. నేను మొదట్లోనే అన్నాను మీతో.”

“అన్నావు. అందుకే కదా కమిటీ వెయ్యమని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగేం. పైన ఒకళ్ళు చూస్తుండాలి, అందులో మన పేట మనిషి ఉండాలని పట్టుబట్టింది మనవే కదా.”

“ఆయ్. ఉన్నారు కదా. చూసేరు కదా. ఇంక చెప్పడానికేం?”

“చూస్తే చాలదు. ఇప్పుడొచ్చింది వాళ్ళు పెట్టుకున్న ల్యాబు లెక్క. రేపు వాళ్ళే, ల్యాబు తప్పు చేసిందంటారు. పాయలో చేపలు చచ్చి తేలినప్పుడేవైంది? సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చేం. సీసాలు శుభ్రంగా లేవు, ఇది చెల్లదన్నారు. అక్కడితో సరి. మళ్ళీ ఎవడైనా మన మాట విన్నాడా?”

“అయితే ఇప్పుడేం చేసేరు?”

“నేనే లేచి అడిగేను వేణీ. వీళ్ళ డబ్బు తగలని ల్యాబు ఒకటి చూడండి, హైదరాబాదులో, అక్కడికి ఇవే రక్తాలు, ఇవే నీళ్ళు పంపండి, వాళ్ళూ ఇదే మాటంటే ఇంక ఎవడూ కాదనలేడు అన్నాను. ఫ్యాక్టరీ తరఫున మాణిక్యాలరావు గారని వస్తారే, ఆయన బయటికెళ్ళి కాసేపు ఫోన్లో ఎవరితోనో మాట్లాడి వచ్చి సరేనన్నారు. నాకైతే ఒళ్ళు తేలిపోయింది. గెలిచేం అనుకున్నాను.”

“మరి?”

“మరేవుంది. అక్కణ్ణుంచి మాట వచ్చేదాకా ఒక్క ముక్క బయటికి పొక్కకూడదన్నారు. పొక్కితే సర్వే అక్కడితో ఆపేస్తారు. రక్తాలు పారబోస్తారు. హైదరాబాదూ లేదు, ఏమీ లేదు. అలా అని కాగితం రాసి అందరి చేతా సంతకాలు పెట్టించేరు. పెట్టేక మాణిక్యాలరావు గారు నా భుజం మీద చెయ్యేసి, ‘పెద్దమనిషి తరహాగా అడిగేరు సత్తిరాజు గారూ, కారులో దింపమంటారా’ అన్నారు.”

“ఎక్కేరా?”

“ఎక్కలేదు.”

“హైదరాబాదు వాళ్ళ మాట ఎప్పుడొస్తుందండీ?”

“కార్తీకం దాకా ఆగాలంట.”

“ప్రసన్నకి దసరాల్లో నొప్పులొస్తాయి.”

“అందుకే మండపేట అంటున్నాను. నేను బయటికొస్తుంటే సోమేశ్వరరావు గారు గేటు దాకా వచ్చేరు. అటూ ఇటూ చూసి, మీ అమ్మాయి పురిటికొచ్చిందంట కదండీ, వాళ్ళత్తారి ఊళ్ళో ఉంచితే మంచిదండీ అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. గబగబా లోపలికెళ్ళిపోయేరు.”

“మనకి చెప్పేరన్నమాట.”

“ఆయనకి అంతకన్నా వీల్లేదు వేణీ.”

“బంగారరాజు కోడలికి ఎవరు చెప్తారండీ? పక్కింట్లో సత్యశ్రీ మళ్ళీ కడుపుతో ఉంది, దానికి ఎవరు చెప్తారు? పోయినేడు దానికి పుట్టిన బిడ్డ ఎంతుందో మీరు చూసేరు కదా. గుడ్డలో చుట్టి మీ చేతుల్లోనే పెట్టేరు కదా.”

“గుర్తు చెయ్యకు.”

“ఆ పిల్లకీ అదేనా? ఈ నీళ్ళేనా?”

“ఏవో, నాకేం తెలుసు. అయ్యుండొచ్చు. కాకపోవచ్చు. అది తేలాలనే కదా ఇదంతా.”

“తేలేలోపు ఇప్పుడు దాని కడుపులో ఉన్నది కూడా పోతే?”

“వేణీ, నామీద అరవకు. ఆటోలో వస్తున్నంతసేపూ నాకు వాళ్ళ మొహాలే. ఇప్పుడు చెప్పేననుకో, సర్వే పోతుంది. సర్వే పోతే ఆ ఫ్యాక్టరీని అడిగేవాడు లేడు. ఇంకా పుట్టని వాళ్ళందరూ, వాళ్ళ పిల్లలూ ఇవే నీళ్ళు తాగుతారు. చెప్పలేదనుకో, ఇప్పుడున్నవాళ్ళు తాగుతారు. నువ్వు చెప్పు, ఏం చెయ్యను? నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.”

“నాకు తెలీదండీ.”

“నాకూ తెలీదు.”

“మోటారు కాలిపోయిందందాం. పంపు తీసేద్దాం. మన బోరు ఆగిపోతే తాగరు కదా.”

“చెరువు వీధి బోరుకెళ్తారు. అక్కడ ఇంకా ఎక్కువుంది.”

“ఇంకానా.”

“ఏడవకు. కళ్ళు తుడుచుకో. ఎవరో వస్తున్నారు.”

“పిన్నీ, ఉన్నావా? ఏంటి, ఇద్దరూ ఈ ఎండలో నిలబడ్డారు?”

“రా సత్యశ్రీ. ఏం లేదమ్మా. మీ బాబాయ్ ఇప్పుడే వచ్చేరు.”

“బిందెడు నీళ్ళు పట్టుకుందామని వచ్చేను పిన్నీ.”

“మోటారు కాలిపోయిందమ్మా.”

“పొద్దున్న బాగానే ఉందిగా?”

“ఇందాకే. ఇప్పుడిప్పుడే కాలిపోయింది.”

“చేతిపంపు ఉందిగా. కొట్టుకుంటాలే.”

“కడుపుతో ఉండి పంపు కొడతావేంటి? గంగబాబుకి తెలిస్తే ఊరుకుంటాడా? వెళ్ళి పడుకో.”

“ఆయనా అంతే. కువైట్ నుంచి ఫోన్ చేస్తే ఇదే మాట, పడుకున్నావా, పడుకున్నావా అని. ఏం కాదులే పిన్నీ. బాబాయ్, మీటింగు బాగా అయ్యిందా?”

“అయ్యిందమ్మా.”

“పొద్దున్నే మా అమ్మ దిగింది, ద్రాక్షారామం నుంచి. పోయినసారిలా కానివ్వను, నాతో వచ్చెయ్ అని నా బట్టలు కూడా సర్దేసింది. ఈ ఊరి నీళ్ళు మంచివి కావంటుంది.”

“మరి వెళ్ళకపోయేవా?”

“ఎందుకు బాబాయ్? అత్తయ్య ఒక్కర్తీ అయిపోతుంది కదా. అయినా అమ్మకి నేనొకటే చెప్పేను. మా బాబాయ్ కమిటీలో ఉన్నారు, నీళ్ళలో ఏదైనా ఉంటే ముందు మా గుమ్మంలోకే వచ్చి చెప్తారు, చెప్పలేదంటే ఏవీ లేనట్టే అన్నాను. పాపం, ఏడుస్తూనే ఇందాక బస్సెక్కేసింది.”

“ఏవండీ.”

“నువ్వుండు వేణీ.”

“అయ్యో, ఏడుస్తున్నావేంటి పిన్నీ? ప్రసన్నకేవైనా అయ్యిందా?”

“ఏం కాలేదమ్మా. అది పడుకుంది.”

“బాబాయ్? ఏంటలా చూస్తున్నారు నావైపు?”

“మీ అమ్మ ఎక్కిన బస్సు ఎంతదూరం వెళ్ళుంటుంది?”

“రాజోలు దాటుండదు. ఎందుకు?”

“ఫోన్ చేసి దిగిపొమ్మను. నేనొచ్చి నిన్నప్పగిస్తాను.”

“ఎందుకు బాబాయ్?”

“ఏవండీ, ఒక్కసారి ఆలోచించండి. హైదరాబాదు…”

“ఆలోచించేను వేణీ. అమలాపురం నుంచి ఇక్కడిదాకా అదే పని. సత్యశ్రీ, ఈ నీళ్ళు నువ్వు తాగకూడదమ్మా. ఇవీ, చెరువు వీధివీ, ఏవీ కూడా. రిపోర్టు వచ్చింది. నేను చూసేను.”

“మరి ఇందాక ఏవీ అనలేదేం? పిన్నీ, నువ్వు మోటారన్నావు…”

“నన్నేవీ అడక్కమ్మా.”

“బాబాయ్, ఈ మాట నేను బంగారరాజు మావయ్య కోడలికి చెప్పొచ్చా?”

“చెప్పు. కడుపుతో ఉన్న ప్రతి పిల్లకీ చెప్పు. ఎవరన్నారని అడిగితే, కమిటీలో ఉన్న సత్తిరాజే అన్నాడని నా పేరు పెట్టి చెప్పు.”