ఎజెండాలో ఆఖరి అంశం

మీటింగు అయిపోయింది. నాలుగో అంతస్తు గదిలో ఖాళీ టీ కప్పులు ఏరుతున్న ఆవిడ, ఫైలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయిన లిఫ్టు మెకానిక్కుని చూసింది.

“ఏం తమ్ముడూ, ఇవాళైనా నీ లిఫ్టు సంగతి తేల్చారా?”

“ఏం తేలుస్తారక్కా, వాళ్ళ మొహం! ఎప్పట్లాగే ఆఖర్న పెట్టారు. అక్కడిదాకా వచ్చేసరికి టైమైపోయిందన్నారు.”

“మూడు గంటలు కూర్చున్నారు కదయ్యా! మూడుసార్లు టీ ఇచ్చాను.”

“గంటన్నర కొత్త కుర్చీల రంగుకే సరిపోయింది. మీటింగులు తొందరగా ఎలా ముగించాలో మాట్లాడుకోడానికి ఇంకో గంట.”

“కేబుల్ పోగులు తెగుతున్నాయని గట్టిగా చెప్పలేకపోయావా?”

“చెప్పాను. నిమ్మకు నీరెత్తినట్టు విని, వచ్చే నెల మొదటి అంశంగా పెడదామన్నారు. పోయిన నెలా అదే మాట. అందాకా లిఫ్టు ఆపేస్తానంటే, నా ఉద్యోగం ఆపేస్తామన్నారు.”

“అయ్యో! ఎంత ప్రమాదమో వాళ్ళకి అర్థం కాలేదేమోలే.”

“నేనూ ఇందాకటిదాకా అలాగే అనుకున్నానక్కా. పెద్దసారుకి మోకాళ్ళ నొప్పులు కదా, రెండు మెట్లెక్కితే మూలుగుతాడు.”

“అవును. అయితే?”

“ఇప్పుడు చెరో పక్కా ఇద్దరు పట్టుకుంటే, నాలుగంతస్తులూ మెట్ల మీంచే దిగాడు. మిగతావాళ్ళూ ఆయన వెనకే. ఒక్కడు లిఫ్టు వైపు చూస్తే ఒట్టు.”

ఆవిడ కప్పులు కింద పెట్టేసింది.

“మెట్లెక్కి తెస్తుంటే టీ చల్లారిపోతోందని, పొద్దున నన్ను లిఫ్టులో తెమ్మన్నది ఆయనే తమ్ముడూ.”